కోడ్ తుడిచే ముందు రాసుకోండి: పాత కార్లవాళ్లకు వానలకు ముందు జాగ్రత్తలు

పోయిన వారం రాత్రి పదిన్నరకు హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక పాత పెట్రోల్ కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. పదకొండు కిలోమీటర్లకు పైగా సాగే వంతెన అది. బండి పక్కకు తీసి నిలుపుకుందామంటే జాగా ఉండదు. వెనకాల వచ్చిన వ్యాన్ గుద్దింది. నడుపుతున్న పెద్దాయనకు ఏమీ కాలేదు గానీ, వెనక సీట్లో ఉన్న ఆయన భార్యకు భుజం ఎముక విరిగింది. ఆ కారును అంతకు పది రోజుల ముందు మెకానిక్‌గా నేనే చూశాను.

"అప్పుడప్పుడు ఆగిపోతోంది బాబూ, కాసేపయ్యాక మళ్లీ స్టార్టవుతోంది" అన్నారాయన. బండిలో ఏదైనా తేడా వస్తే కారు కంప్యూటర్ దానికో నంబరు దాచుకుంటుంది, దాన్నే కోడ్ అంటారు; దాన్ని చదివేది స్కానర్. స్కానర్ పెడితే ఒక్క కోడ్ లేదు. గంటసేపు తిప్పాను, ఆగలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు తెలిసింది: వాళ్లబ్బాయి బ్లూటూత్ స్కానర్ కొని, చెక్ ఇంజిన్ లైట్ వెలిగినప్పుడల్లా ఫోన్‌లోనే ఆర్పేస్తున్నాడు. నెలలో మూడుసార్లు. ఏ కోడ్ వచ్చిందంటే గుర్తు లేదన్నాడు. యాక్సిడెంటయ్యాక బండి విప్పితే దొరికింది, క్రాంక్ సెన్సర్, అంటే ఇంజిన్ ఎలా తిరుగుతోందో కంప్యూటర్‌కు చెప్పేది. వేడెక్కితే దాని సిగ్నల్ పోతుంది, చల్లారితే మామూలవుతుంది. ఆ సిగ్నల్ లేకపోతే స్పార్క్ ఎప్పుడివ్వాలో కంప్యూటర్‌కు తెలియదు, ఇంజిన్ ఆగిపోతుంది. పీ0335 అన్న ఒక్క ముక్క (ఆ సెన్సర్ కోడ్ అది) ఎవరైనా కాగితం మీద రాసి తెచ్చి ఉంటే, నేను ముందు ఆ సెన్సర్ దగ్గరికే వెళ్లేవాణ్ని.

కాబట్టి ముందు ఇది చెబుతాను: రాసుకోకుండా కోడ్ తుడవకండి.

తుడిస్తే ఏం పోతుంది

కోడ్ ఒక్కటే పోతే ఇంత బాధ లేదు. ఫాల్ట్ వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది, ఎన్ని ఆర్‌పీఎం, ఎంత స్పీడు, ఎంత లోడు అన్నవి కంప్యూటర్ ఫొటో తీసినట్టు దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఎరేజ్ నొక్కితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. బండి తనను తాను పరీక్షించుకున్న ఫలితాలూ పోతాయి, మళ్లీ కొన్ని రోజులు నడిపితే గానీ అవి తిరిగి రావు. బ్యాటరీ టెర్మినల్ పీకినా చాలా బండ్లలో ఇదే జరుగుతుంది. "టెర్మినల్ తీసి పెట్టు, లైట్ పోతుంది" అనేవాళ్ల మాట వినకండి.

అప్పుడప్పుడు వచ్చి పోయే ఫాల్టుకు ఆ ఫొటోనే ఆధారం. వానాకాలంలో వచ్చేవి ఎక్కువగా ఇవే: కనెక్టర్లలో చెమ్మ, ప్లగ్గుల గుంతల్లో నీళ్లు, ఎలుకలు కొరికిన వైరింగ్. ఎండ రాగానే మాయమవుతాయి. అందుకే రాసుకోండి. రాయడానికి బద్ధకమైతే స్క్రీన్‌ను ఫొటో తీయండి.

స్కానర్ పెట్టే ముందు

బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టుల పైన ఉండాలి, నడుస్తున్నప్పుడు 14కు అటూ ఇటూ. బ్యాటరీ నీరసపడితే ఒకదానికొకటి సంబంధం లేని కోడ్లు గుంపుగా వస్తాయి. వాటిని నమ్మి సెన్సర్లు కొనకండి.

మన దేశంలో బీఎస్-4 (పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) కార్లకు ఓబీడీ, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా దాచే ఏర్పాటు, 2010లో మొదలై, 2013లో రెండో దశకు వచ్చింది. అంతకంటే పాత బండికి స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉన్నా చౌక స్కానర్ కలవకపోవచ్చు. కలవలేదంటే ఫాల్ట్ లేదని కాదు. ఆ మోడల్‌తో మాట్లాడగలిగే స్కానర్ ఉన్న షాపుకు తీసుకెళ్లండి.

కోడ్ చదివాక

కోడ్ చెప్పేది ఏ వైపు వెతకాలో, ఏది మార్చాలో కాదు. పీ0171 అంటే పెట్రోల్ కన్నా గాలి ఎక్కువవుతోందని. అది చూసి నేరుగా స్పేర్ పార్టులు దొరికే రాణిగంజ్ పోయి ఆక్సిజన్ సెన్సర్ కొనుక్కొచ్చినవాళ్లను ఎందరినో చూశాను. చాలాసార్లు తప్పు పగిలిన గాలి గొట్టానిది. ముందు గొట్టాలు చేత్తో తడిమి చూడండి. కూలెంట్ వేడి మైనస్ 40 చూపిస్తే హైదరాబాద్‌లో మంచు కురవలేదు కదా! ఆ సెన్సర్ కనెక్టరో వైరో ఊడి ఉంటుంది.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరుసలో:

- చెక్ ఇంజిన్ లైట్ మినుకుమినుకుమంటుంటే నడపకండి. మిస్సింగ్ కొడుతోందని, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండట్లేదని అర్థం. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ పాడవుతుంది, కింద ఎండుగడ్డి ఉంటే అంటుకోవచ్చు.
- ఆయిల్ లైట్ వెలిగితే స్కానర్ వెతకొద్దు. ఇంజిన్ ఆపండి.
- వేడి ముల్లు ఎర్ర గీత దగ్గరికొస్తే కూడా అంతే. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు.
- రిపేర్ అయ్యాకే ఎరేజ్. తాళం ఆన్‌లో, ఇంజిన్ ఆపి. దానికి ముందు? రాసుకున్నారా?
- బండి నడుపుతూ ఫోన్‌లో కోడ్లు చూడొద్దు.
- స్కానర్‌ను సాకెట్‌లోనే వదిలేయొద్దు. పార్కింగ్‌లో నాలుగు రోజులుంటే పాత బ్యాటరీ దిగిపోతుంది.
- బండి అమ్మే ముందు లైట్ ఆర్పి అమ్మొద్దు. కొన్నవాళ్లు పిల్లల్ని ఎక్కించుకుంటారు.
- కొనేటప్పుడు స్కాన్‌లో కోడ్లేమీ లేకుండా, పరీక్షలన్నీ "పూర్తి కాలేదు" అని చూపిస్తే ఇటీవలే ఎవరో తుడిచారేమోనని అనుమానించండి. వారం నడిపి చూస్తామని అడగండి.
- టోలిచౌకి, మలక్‌పేట బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో బండి ఆగితే సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలాంటిదాన్ని ఏ కోడూ ముందుగా చెప్పదు. తోసి బయటికి తీయండి.
- ఆగి ఆగి నడిచే బండిని ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కించొద్దు, ఫ్లైఓవర్ ఎక్కించొద్దు. కారణం దొరికేదాకా గల్లీలోనే ఉంచండి. ఆ రోజు పెద్దాయనకు ఈ మాట నేను గట్టిగా చెప్పలేదు.
- మెకానిక్ "లైట్ తీసేశాను సార్" అంటే "ఏ కోడ్ వచ్చింది?" అని అడగండి. చెప్పలేకపోతే డబ్బులివ్వొద్దు.
- డ్యాష్‌బోర్డ్ డబ్బాలో ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, కోడ్, ఇంజిన్ వేడి, వాన పడుతోందా లేదా. ఈ రోజే పెట్టండి.