మెటల్ వాయించడానికి గిటార్ పికప్ ఎలా ఎంచుకోవాలి?

కర్నూల్లో మా ఇంటికి గిటార్ భుజానేసుకుని వచ్చే కుర్రాళ్లు కూర్చోకముందే ఒకటే అడుగుతారు. "అన్నా, ఎన్ని కిలో ఓమ్స్ పికప్ కొనాలి?" పికప్ అంటే గిటార్ తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం. కిలో ఓమ్స్ నంబర్ ఎంత పెద్దదైతే మెటల్ సంగీతం అంత గట్టిగా పలుకుతుందని ఎవరో చెప్పిన మాట వాళ్ల మనసులో పాతుకుపోయి ఉంటుంది. ఆ లెక్కతోనే ఏడెనిమిది వేలు పెట్టి తెప్పించుకుంటారు, తీరా బిగించాక రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) అంతా ముద్దగా వస్తోందని మళ్లీ నా దగ్గరికే వస్తారు. మన ఊళ్లో పికప్ పెట్టి, వాయించి చూసి కొనే వీలు లేదు. హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, దాని వైర్లకు ఒకసారి టంకం పడ్డాక వాపసు తీసుకునేవాళ్లు ఉండరు. అందుకే కొనకముందు చేయాల్సిన పని వరసగా చెప్తాను, మధ్యలో దేన్నీ దాటేయొద్దు.

సామాను పెద్దగా అక్కర్లేదు. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, మిల్లీమీటర్ గీతలున్న స్టీలు స్కేలు, రికార్డు చేయడానికి ఫోను, కొత్త తీగల సెట్టు. బిగించే రోజుకి సోల్డరింగ్ ఐరన్ కావాలి. 25 వాట్లది వైర్లకు చాలు గానీ పాట్ (వాల్యూమ్ గుండీ కింద ఉండే భాగం) వీపు మీద టంకం పట్టాలంటే 40 వాట్లైనా ఉండాలి.

మొదట తీగలు మార్చండి. తుప్పు పట్టిన తీగల మీద ఏ పికప్ గురించీ తీర్పు చెప్పకూడదు. డ్రాప్ సి ట్యూనింగ్‌కి (తీగలన్నీ వదులు చేసి, లావు తీగను సి స్వరానికి దించేది) 9 నంబర్ సన్న తీగల సెట్టు వేసుకుని, లావు తీగ లొడలొడలాడుతుంటే పికప్ బాగా లేదనేవాళ్లను చాలామందిని చూశాను. 11-54 లాంటి లావు సెట్టు వేయండి, ఇంటొనేషన్ (మెడ పొడుగునా స్వరాలు శ్రుతిలో పలకడం) సరిచూడండి.

తర్వాత కరెంటు సంగతి. వన్‌టౌన్ వైపు పాత ఇళ్లలో ప్లగ్గులకు ఎర్తింగ్ సరిగా లేనివి నేనే చాలా చూశాను, అలాంటి చోట ఆంప్ (యాంప్లిఫయర్) పెడితే గుయ్‌మని ఒకటే హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్. ఏడు తీగల గిటార్ డ్రాప్ ఏ లో ఉంటే లావు తీగ 55 హెర్ట్జ్. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఈక్వలైజర్‌తో హమ్ కోస్తే దాంతోపాటు రిఫ్ అడుగు (బేస్ భాగం) కూడా పోతుంది. అందుకే మెటల్‌కి సింగిల్ కాయిల్ వద్దు, హంబకరే. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ పేటెంటుకు పెట్టిన ఏర్పాటు అది. ఒకదానికొకటి ఎదురుగా కలిపిన రెండు కాయిళ్లలో బయటి హమ్ కొట్టుకుపోతుంది, తీగ సౌండ్ మాత్రం కలిసి రెట్టింపవుతుంది. ఇక తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే. చేతికి చురుక్కుమంటే మాత్రం వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, పికప్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు పని. మీ గిటార్‌లో ఇప్పుడున్న పికప్‌కు ఏం తక్కువైందో, ఏం ఎక్కువైందో కనిపెట్టాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, చాలామంది అసలు ఈ పనే చేయరు.

పెడల్స్ అన్నీ తీసేయండి. గిటార్ నేరుగా ఆంప్‌లోకి పెట్టి, డిస్టార్షన్ ఛానెల్‌లో గెయిన్ (సౌండ్‌ను ఎంత చీల్చాలో చెప్పే గుండీ) సగానికి ఉంచండి. చివరి ఫ్రెట్ దగ్గర లావు తీగ నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి బ్రిడ్జ్ పికప్ (తీగలు బిగించిన బ్రిడ్జ్ వైపుది) పైభాగానికి ఎంత ఉందో స్కేలుతో కొలిచి రాసుకోండి. చాలా గిటార్లలో ఇది 2 మిల్లీమీటర్ల అటూఇటూ ఉంటుంది. లావు తీగ మీద పామ్ మ్యూట్‌తో (అరచేతి అంచు తీగ మీద ఆనించి) ఎనిమిది దెబ్బలు కొట్టి, వెంటనే పూర్తి కార్డ్ ఒకటి మోగించి వదిలేయండి, అదంతా ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత రెండు పక్కల స్క్రూలూ అరచుట్టు చొప్పున తిప్పి పికప్ కిందికి దించండి, మళ్లీ అదే వాయించి రికార్డు చేయండి. ఇలా నాలుగుసార్లు. రిఫ్ మార్చొద్దు, పిక్ మార్చొద్దు, ఆంప్ మీద టోన్ గుండీలు ముట్టుకోవద్దు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తీసుకోకపోతే ఈ కష్టమంతా వృథా. పికప్ కిందికి దించేకొద్దీ సౌండ్ తగ్గుతుంది. చెవికి ఏది కాస్త గట్టిగా వినిపిస్తే అదే బాగుందనిపిస్తుంది, ఇది మీకూ నాకూ అందరికీ ఉన్నదే. అందుకని దించిన ప్రతిసారీ ఆంప్ మాస్టర్ వాల్యూమ్ కొంచెం పెంచి, రికార్డింగులన్నీ ఒకే స్థాయిలో వినిపించేలా చూసుకుని, అప్పుడే పోల్చండి. ఈ ఒక్క పని చేయక నేనే రెండేళ్లు పికప్‌ను తీగలకు అతుక్కునేంత పైకి పెట్టుకుని వాయించాను.

రెండోది, రాత్రిపూట ఇంట్లోవాళ్లు నిద్రపోయాక చిన్న సౌండ్‌లో విని నిర్ణయం తీసుకోవద్దు. సౌండ్ తక్కువైతే మన చెవికి అడుగు స్వరాలు సరిగా అందవు. అప్పుడు బేస్ చాలదనిపించి బేస్ ఎక్కువున్న పికప్ వెతుకుతారు, అదే పికప్ స్టేజి మీద డ్రమ్ముల పక్కన బేస్ గిటార్‌ను తొక్కేస్తుంది. పగలు, మాట్లాడే గొంతు కంటే కాస్త గట్టిగా, మంచి ఇయర్‌ఫోన్లలోనూ స్పీకర్‌లోనూ వినండి.

వినేటప్పుడు పామ్ మ్యూట్ దెబ్బ ధబ్, ధబ్ అని విడివిడిగా తెగుతోందా, లేక ఒక దెబ్బ తోక ఇంకోదాని మీద పడి భుమ్‌మ్ అని సాగుతోందా గమనించండి. దించేకొద్దీ విడిపోతుంటే మీ పికప్‌లో లోపం లేదు, ఎత్తే ఎక్కువైంది, రూపాయి ఖర్చు లేకుండా పని అయిపోయింది. ఎంత దించినా భుమ్ అలాగే ఉంటే అడుగు బిగువుగా ఉండే పికప్ కావాలి. దెబ్బలు తెగుతున్నా కార్డ్‌లో స్వరాలు విడిగా వినిపించకపోతే మీ పికప్ మరీ వేడిది (అంటే ఔట్‌పుట్ ఎక్కువున్నది), అంతకంటే తక్కువ ఔట్‌పుట్‌ది చూడాలి. సౌండ్ పల్చగా, పైపైన గీరుతున్నట్టుంటే మిడ్ (మధ్య స్వరాలు) బలంగా ఉన్నది కావాలి. వాయించనప్పుడు కూడా కీచుమంటుంటే కాయిల్ చుట్లు లోపల కదులుతున్నాయన్నమాట, మైనంలో సరిగా ముంచని పికప్ అలాగే అరుస్తుంది.

నాలుగు రకాల గిటార్లలో ఇది చేశాక నాకు అర్థమైంది ఏంటంటే, ఇప్పటి మెటల్‌కి కావలసింది బిగువు, వేడి కాదు. ఈ రోజుల్లో ఏ ఆంప్‌లోనైనా గెయిన్ కావలసినంత ఉంటుంది. దాని ముందు ఇంకా వేడి పికప్ పెట్టడమంటే మిరపకాయ బజ్జీ నంజుకుని తినే ఉగ్గానిలో మళ్లీ గుప్పెడు కారం కలపడమే, బొరుగుల రుచి నాలుకకు అందదు.

కిలో ఓమ్స్ గురించి ఇప్పుడు చెప్తాను. అది కాయిల్‌లో రాగి తీగ రెసిస్టెన్స్, అంతే. 42 గేజ్ తీగ చుట్టి 8 కిలో ఓమ్స్ వచ్చిన పికప్‌నే, అంతే పొడవు 44 గేజ్ సన్న తీగతో చుడితే 12 పైన చూపిస్తుంది, చుట్లు మాత్రం పెరగలేదు. రాగి వేడెక్కినా రెసిస్టెన్స్ పెరుగుతుంది. డిసెంబర్ తెల్లవారుజామున 20 డిగ్రీల్లో 8 చూపించిన పికప్ మే నెల మన ఎండకు 42 డిగ్రీల గదిలో దాదాపు 8.7 చూపిస్తుంది, అంతమాత్రాన దాని సౌండ్ మారిపోదు. సీమోర్ డంకన్ కంపెనీ వాళ్ల జెబి పికప్ 16 పైన ఉంటుంది, వాళ్లదే నాజ్‌గుల్ 14 లోపే. కింది ట్యూనింగుల్లో బిగువు కావాలంటే నేను నాజ్‌గులే తీసుకుంటాను.

తేడా ఎక్కువగా అయస్కాంతంలో ఉంది. జెబిలో ఉన్నది ఆల్నికో 5, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం. నాజ్‌గుల్‌లో సెరామిక్. సెరామిక్‌లో దెబ్బ వెంటనే పడుతుంది, అడుగు సాగదు. 1972లో లారీ డిమార్జియో తెచ్చిన సూపర్ డిస్టార్షన్ పికప్‌లో కూడా సెరామిక్ అయస్కాంతమే. డ్రాప్ సి, ఇంకా కింద వాయించేవాళ్లు బ్రిడ్జ్‌లో సెరామిక్ పెట్టండి, నెక్ (మెడ) వైపు పికప్‌లో ఆల్నికో పెట్టండి. సోలోలు కూడా బ్రిడ్జ్ పికప్ మీదే ఎక్కువ వాయిస్తారంటే బ్రిడ్జ్‌లోనూ ఆల్నికో 5 పెట్టుకోవచ్చు.

యాక్టివ్ పికప్పుల (బ్యాటరీతో నడిచేవి) గురించి కూడా అడుగుతారు. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించాక నాకు తెలిసిన కుర్రాళ్లందరికీ ఈఎంజి కంపెనీ యాక్టివ్ పికప్పుల మీదే ధ్యాస. మెటాలికా గిటారిస్టు హెట్‌ఫీల్డ్ చేతిలో ఈఎంజి 81 ఎలా పలుకుతుందో విన్నవాళ్లకు ఆ ఆశ పుట్టడం సహజం. హమ్ దాదాపు ఉండదు, బిగువు బాగుంటుంది. అయితే 9 వోల్టుల బ్యాటరీ ఉండాలి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది కాబట్టి వాయించడం అయ్యాక కేబుల్ పీకేయాలి. దాని వాల్యూమ్ పాట్ 25 కిలో ఓమ్స్‌ది, పాసివ్ (బ్యాటరీ లేని) హంబకర్‌కి 500. పాత పాట్ అలాగే ఉంచి ఈఎంజి పెడితే వాల్యూమ్ స్విచ్చులాగా ఒక్కసారి వస్తుంది, ఒక్కసారి పోతుంది. బ్యాటరీ పెట్టే చోటు లేని గిటార్ అయితే చెక్క తొలిచి మరీ పెట్టొద్దు, మంచి పాసివ్ తీసుకోండి.

కొనే ముందు ఇంకోటి. ఫ్లాయిడ్ రోజ్ లాంటి (లివర్‌తో తీగలు వదులు చేసే) బ్రిడ్జ్ ఉంటే తీగల మధ్య ఎడం ఎక్కువ, మామూలు హంబకర్ పోల్ ముక్కలు (ఒక్కో తీగ కింద ఉండాల్సిన లోహపు ముక్కలు) తీగల కిందికి సరిగా రావు. డిమార్జియో వాళ్లు ఎఫ్ స్పేసింగ్ అంటారు, డంకన్ వాళ్లు ట్రెమ్‌బకర్ అంటారు, అది చూసి తీసుకోండి.

వైర్ల రంగులు కూడా కంపెనీకో రకం. డంకన్‌లో సౌండ్ వచ్చేది నల్ల వైరు, తెలుపు ఎరుపు కలిపి మూసేయాలి. డిమార్జియోలో సౌండ్ ఎరుపు, నలుపు తెలుపు కలిపి మూసేయాలి. రెండింట్లోనూ ఆకుపచ్చ, తొడుగు లేని వైరు గ్రౌండ్‌కి. ఒకరి చార్టు చూసి ఇంకొకరి పికప్ బిగిస్తే ఒక్క కాయిలే పనిచేస్తుంది, లేదా రెండు కాయిళ్ల సౌండ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పల్చగా వస్తుంది.

బిగించాక ఎత్తు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి, అదే ఎనిమిది దెబ్బలు, అదే కార్డ్. పాతది తీసేటప్పుడు వైర్లు పొట్టిగా కత్తిరించొద్దు, టంకం కరిగించి పొడవుగానే ఊడదీయండి. తర్వాత దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి, అయస్కాంతం కాబట్టి పనిముట్ల డబ్బాలో పడేస్తే ఇనుప రజను అంతా పట్టేస్తుంది.