కడప ఎండల్లో లిపో బ్యాటరీ

మావాడి ఆర్‌సీ కారు (రిమోట్‌తో నడిచే బొమ్మ కారు) లిపో, అంటే లిథియం పాలిమర్, బ్యాటరీ ఈ వేసవిలో దిండులా ఉబ్బింది. ఉబ్బినదాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు, కాబట్టి కొత్తది కొని పద్ధతి మార్చాం.

కారు ఆగిన వెంటనే చార్జింగ్ పెట్టం. బ్యాటరీ ప్యాక్ పూర్తిగా చల్లబడాలి. చిన్న తెల్ల బ్యాలెన్స్ కనెక్టర్ తప్పకుండా తగిలిస్తాం. అప్పుడే ప్యాక్‌లోని రెండు సెల్స్ సమానంగా 4.2 వోల్టుల దగ్గర ఆగుతాయి. 5000 ఎంఏహెచ్ సామర్థ్యమున్న ప్యాక్‌కి 5 ఆంపియర్లు చాలు, అంత తొందరేం లేదు. పరుపు, సోఫా వద్దు. ఇంట్లో పరిచిన కడప బండే అన్నిటికంటే మేలు, అది అంటుకోదు. అయినా ఎవరో ఒకరం పక్కనే ఉంటాం.

రెండు మూడు రోజులు ఆట లేదంటే చార్జర్‌లోని స్టోరేజ్ మోడ్‌లో (నిల్వ ఉంచడానికి వాడేది) సెల్‌కి 3.8 వోల్టులకు తెచ్చి, లోపలి గదిలో పెడతాం. నిండా చార్జ్ చేసి మిద్దె మీది రేకుల గదిలో వదిలేస్తే ఉబ్బక ఏం చేస్తుంది!