కారు టాపు మీద వేన్నీళ్లు: ఎండతో కాగే షవర్ ఎలా అమర్చుకోవాలి?

పుష్యమాసంలో శ్రీకాకుళం జిల్లా బారువ తీరాన గుడారం వేసుకుంటే పగలు సముద్రస్నానం ఎంతసేపైనా చేయొచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. ఒంటికి పట్టిన ఉప్పూ ఇసుకా వదిలించుకోవాలంటే మంచినీళ్లు కావాలి, సాయంత్రం గాలికి చన్నీళ్లు పోసుకుంటే పిల్లలు వణికిపోతారు. కారు క్యారియర్‌కు ఒక నల్ల పైపు కట్టుకుంటే కట్టెలు, గ్యాసు లేకుండానే గోరువెచ్చని నీళ్లు దొరుకుతాయి.

తయారీ

నాలుగంగుళాల పీవీసీ పైపు ఐదడుగులు తీసుకోండి. అందులో దాదాపు 12 లీటర్లు పడతాయి. ఆరంగుళాలదైతే రెట్టింపు పైనే పడుతుంది కానీ, టాపు మీద బరువూ అంతే పెరుగుతుంది. మీ బండి టాపు ఎంత మోయగలదో మాన్యువల్‌లో చూసుకున్నాకే అది కొనండి.

వెనక వైపు ఎండ్ క్యాప్ అతికించండి. దాని కింది అంచు దగ్గర చిల్లు పెట్టి అరంగుళం ట్యాంక్ నిపుల్ (చిల్లులో బిగించే మరల గొట్టం), బాల్ వాల్వ్ (నీళ్లు వదిలి, ఆపే మీట), హోసు, చేతి షవర్ వరసగా బిగించండి. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టడం మరవొద్దు. ముందు వైపు ఎల్బోను (వంపు ముక్కను) పైకి తిప్పి పెట్టి మరమూత వేయండి, నీళ్లు పోసేది అక్కడే. మూతకు సన్నని చిల్లు ఉండాలి. నీళ్లు వేడెక్కి వ్యాకోచించినప్పుడు లోపలి గాలి దాని గుండా బయటికి పోతుంది. పైపును ఎమెరీ పేపరుతో గీకి, మెరుపు లేని నల్ల రంగు వేయండి.

ధార జోరుగా రావాలని కొందరు సైకిల్ పంపుతో గాలి కొడతారు. దయచేసి ఆ పని చేయకండి. వేడెక్కిన పీవీసీ మెత్తబడుతుంది, ఒత్తిడికి పగిలితే ముక్కలు ఎగిరి తగులుతాయి. పీట వేసుకుని కూర్చుంటే టాపు ఎత్తు నుంచి వచ్చే ధారే చాలు.

బిగింపు

వెనక కొస ఒక అంగుళం కిందికి ఉండాలి, లేకపోతే చివరి నీళ్లు దిగవు. సముద్రపు గాలికి మామూలు ఇనుప క్లాంపులు బేగి తుప్పు పడతాయి. స్టీలు క్లాంపులు, నైలాన్ పట్టీలు వాడండి. ఒక పావుగంట నడిపాక ఆపి పట్టీలు మళ్లీ బిగించాలి.

ఎండ పట్టించడం

నా అనుభవంలో అసలు కిటుకు పైపులో కంటే బండి ఆపే చోటులో ఉంది. హైవే మీద వెళ్తున్నంతసేపూ గాలి తగిలి వేడి నిలవదు, కాబట్టి దిగాకే నింపుకోండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. మన శ్రీకాకుళం తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది గనక, బండిని ఒడ్డుకు సమాంతరంగా, పైపు సముద్రం వైపు ఉండేలా ఆపితే పొద్దున్నుంచే ఎండ పడుతుంది. సరుగుడు తోట నీడలోకి పోవద్దు. ఉద్దానంలో కొబ్బరిచెట్టు కింద అయితే అసలే వద్దు, కాయ పడితే పైపూ అద్దమూ రెండూ పోతాయి.

తొమ్మిదింటికి నింపితే మూడింటికి నీళ్లు తయారు. స్నానాలు నాలుగు లోపు కానిచ్చేయండి. పొద్దు వాలితే వేడి బేగి దిగిపోతుంది, తెల్లవారుజాముకు ఏమీ మిగలదు.

స్నానం

మూత వదులు చేసి, వాల్వ్ తిప్పి, ముందు మణికట్టు మీద పోసుకుని చూడండి. ఏప్రిల్, మే ఎండలకు చన్నీళ్లు కలపక తప్పదు. రెండు తలుపులూ తెరిచి మధ్యన పాత చీర కడితే చాటు. సబ్బు రుద్దుకునేటప్పుడు వాల్వ్ కట్టేస్తే 12 లీటర్లు ఇద్దరికి వస్తాయి.

బండిని ఇసుకలోకి దించకండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి, గూళ్లు పైకి కనిపించవు. సబ్బునీళ్లు వాగులోకో చెరువులోకో పోకుండా దూరంగా, నేలలో ఇంకే చోట పోసుకోవాలి.

ఈ నీళ్లు తాగడానికి పనికిరావు. ఇంటికి రాగానే పైపు పూర్తిగా ఖాళీ చేసి, మూత తీసి ఒక రోజు ఆరనివ్వండి.