జూబ్లీహిల్స్ పల్లాన ఇల్లు అద్దెకు తీసుకునేవారికి

హైదరాబాదులో జూబ్లీహిల్స్ నుంచి యూసుఫ్‌గూడ వైపు దిగేకొద్దీ పబ్బులు, నగల షోరూములు, సినీ ప్రముఖుల ఎత్తైన ప్రహరీలు వెనకబడి, మధురానగర్, కల్యాణ్‌నగర్ వంటి కాలనీలలో నాలుగైదు అంతస్తుల అపార్టుమెంట్లు, ఇస్త్రీ బండ్లు, గేటు ముందు ముగ్గులు కనిపించడం మొదలవుతుంది. ఇక్కడ ఇల్లు వెతికేవారు అద్దె ఎంతని అడగడానికి ముందే ఆ వీధి ఎటు వాలి ఉందో చూడాలి. కొండమీద కురిసిన వాన పల్లానికే చేరుతుంది కాబట్టి ఈ ప్రాంతంలో సుఖమైనా కష్టమైనా చాలావరకు ఆ వాలును బట్టే ఉంటుంది.

పక్కనే ఉన్న కృష్ణానగర్‌లో గట్టి వాన పడినప్పుడు వీధులు ఏరులై పారి, నిలిపి ఉంచిన బైకులు కొట్టుకుపోయిన సందర్భాలు ఒకటి రెండు కావు. అందువల్ల వీలైతే ఇల్లు చూడడానికి వానాకాలంలో, అందులోనూ వాన వెలిసిన గంటలోపు వెళ్ళండి. అది కుదరకపోతే సెల్లారు గోడల మీద నీటి చార, మీటరు పెట్టెలు ఎంత ఎత్తులో బిగించారన్నది, కిరాణా కొట్టు గడప ముందు కొత్తగా కట్టిన సిమెంటు గట్టు గమనించండి. మీటర్లను పైకి జరిపారంటే ఏదో ఒక ఏడాది కింద నీళ్ళు నిలిచాయని అనుకోవచ్చు. ఇంటి యజమాని కంటే వీధి మలుపున ఇస్త్రీ చేసే వ్యక్తి ఈ విషయం స్పష్టంగా చెబుతారు. ఆయన బండి నిలిచేది అక్కడే గనుక ఆ వీధిలో నీరు ఎంతవరకు వచ్చిందో ఆయనకు తెలుసు. సంపు మూత నేలమట్టానికి ఉంటే మురుగునీరు అందులో కలిసే ప్రమాదం ఉంది కాబట్టి ఆ ఇల్లు వదులుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. నీరు నిలిచినప్పుడు మ్యాన్‌హోల్ మూతను ఎవరూ స్వయంగా తెరవకూడదు. ప్రవాహంలో ఆ గుంత కనిపించక ప్రాణాలు పోతాయి. నగరంలో నీటి సరఫరా, మురుగు కాలువలు చూసే జలమండలి 155313 నంబరుకు ఫోను చేసి చెప్పడమే సరైన పద్ధతి.

తాగునీటి విషయంలో నల్లా ఏ రోజుల్లో, ఏ వేళకు వస్తుందో, వేసవిలో బోరు పనిచేస్తుందో లేదో అడగండి. ఇంటికి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో ఈ పక్కనున్న రహమత్‌నగర్‌లోనే మొదలైంది. దానికి మీటరు ఉండి, కనెక్షను ఆధారుతో అనుసంధానమై ఉండాలి. ఆ పని అయిందో లేదో ఒప్పందానికి ముందే తేల్చుకోకపోతే నీటి బిల్లు విషయమై తర్వాత మాట పట్టింపులు వస్తాయి.

సినిమావాళ్ళ సందడి కూడా ఒక్కోసారి ఇటు దిగివస్తుంది. యూసుఫ్‌గూడ పోలీసు గ్రౌండ్స్‌లో పెద్ద సినిమా ప్రీ రిలీజ్ వేడుక జరిగే సాయంత్రం మెయిన్ రోడ్డు మీద వాహనాలు కదలవు. వార్త ముందుగానే తెలుస్తుంది కాబట్టి ఆ రోజు బండి ఇంట్లో ఉంచి మెట్రోలో వెళ్ళి రావడం తెలివైన పని. 2019లో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వరకు మార్గం తెరిచాక మధురానగర్, యూసుఫ్‌గూడ స్టేషన్లు కాలనీవాసులకు నడక దూరంలోకి వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదన్నది చట్టం. నివాస ప్రాంతంలో ఆ వేళ శబ్దపరిమితి 45 డెసిబెల్స్. మోత ఎక్కువైతే ఒంటరిగా వెళ్ళి వాదించకుండా 100కు ఫోను చేయండి, అపార్టుమెంటు అసోసియేషన్ తరఫున రాతపూర్వకంగా కూడా ఫిర్యాదు ఇవ్వండి.

చివరగా, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక ఉదయం కృష్ణకాంత్ పార్కులో నడవండి. రోజూ అక్కడికి వచ్చే పెద్దవారిలో ఏళ్ళ తరబడి ఈ కాలనీలలోనే ఉన్నవారు చాలామంది ఉంటారు. వీధి పేరు చెప్పి, "అక్కడ నీళ్ళు నిలుస్తాయా అండీ?" అని అడిగితే ఏ వైపు ఇళ్ళు మెరకలో ఉన్నాయో వారే చెబుతారు.