ఇంటి ఇంటర్నెట్ మాటిమాటికీ తెగిపోతుంటే: లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

ఇంటర్నెట్ ఆగిపోగానే రూటర్‌ను ఆపి మళ్లీ వేయడం దాదాపు అందరికీ అలవాటు. దానితో చాలాసార్లు కనెక్షన్ తిరిగి వస్తుంది కానీ, ఆ క్షణంలో ఏ లైట్లు వెలుగుతున్నాయి, రూటర్ లాగ్‌లో ఏం నమోదైంది అనే ఆధారాలు చాలావరకు చెరిగిపోతాయి, మర్నాడు సమస్య మళ్లీ మొదటికే వస్తుంది. అందుచేత రీస్టార్ట్ చేసే ముందు రెండు నిమిషాలు పరీక్షకు కేటాయించడం ఎంతో అవసరం.

ముందుగా తేల్చవలసింది: తెగింది ఇంట్లోనా, బయటా?

విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి, రూటర్ చిరునామాకు (సాధారణంగా ఇది 192.168.1.1 లేదా 192.168.0.1) పింగ్ చేయాలి, అంటే ping అని టైప్ చేసి పక్కన ఆ చిరునామా రాసి, జవాబు వస్తుందో లేదో చూడాలి. జవాబు రాకపోతే లోపం కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్యనే ఉన్నట్లు. రూటర్ జవాబిస్తూ 8.8.8.8 (ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్) నుంచి జవాబు రాకపోతే రూటర్ అవతలి లైనును అనుమానించాలి. రెండూ జవాబిస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే అది ఎక్కువగా డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును ఐపీ చిరునామాగా మార్చే వ్యవస్థ) సమస్యే. రూటర్ సెట్టింగులలో డీఎన్‌ఎస్ చిరునామాను 1.1.1.1 లేదా 8.8.8.8గా మార్చి చూడాలి.

లక్షణం: వైఫైలో తెగుతోంది, కేబుల్ పెడితే నిలుస్తోంది

ఎక్కువ ఇళ్లలో ఎదురయ్యేది ఇదే. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ఇరుగుపొరుగు రూటర్లు, బ్లూటూత్ పరికరాలు కూడా వాడుకుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తున్నంతసేపే వైఫై తడబడుతుంటే కారణం వెతకనక్కరలేదు. ఈ బ్యాండ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండే చానళ్లు 1, 6, 11 మాత్రమే కనుక, ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో చూసి, ఆ మూడింటిలో రద్దీ తక్కువున్నదాన్ని ఎంచుకుని, చానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించాలి. కంప్యూటర్ రూటర్‌కు దగ్గరగా ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారడమే మేలు. అయితే ఆ సిగ్నల్ గోడలు దాటేసరికి త్వరగా బలహీనపడుతుంది. సిగ్నల్ బలం మైనస్ 80 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం; సున్నాకు ఎంత దూరమైతే అంత బలహీనం) దాకా పడిపోయే గదిలో చానల్ మార్చి ప్రయోజనం లేదు, రూటర్‌నే జరపాలి.

లక్షణం: ఒక్క కంప్యూటర్‌లోనే తెగుతోంది

ల్యాప్‌టాప్ నిద్రావస్థ నుంచి లేచిన తర్వాత కనెక్షన్ పోతుంటే, డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి, విద్యుత్తు ఆదా కోసం ఆ పరికరాన్ని ఆపే అనుమతిని తీసివేయాలి. అది కనిపించకపోతే డ్రైవర్‌ను (అడాప్టర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) నవీకరించి చూడవచ్చు.

కంప్యూటర్ ఐపీ చిరునామా 169.254తో మొదలైతే, రూటర్ నుంచి దానికి చిరునామా అందలేదని అర్థం. సిగ్నల్ పరిధి పెంచడానికి పాత రూటర్‌ను కూడా కలిపిన ఇళ్లలో మరో చిక్కు వస్తుంది: రెండు రూటర్లూ చిరునామాలు పంచుతూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. అప్పుడు రెండోదానిలో డీహెచ్‌సీపీని (చిరునామాలు పంచే ఏర్పాటును) ఆపివేసి, దాని సొంత చిరునామా మొదటి రూటర్ చిరునామాతో కలవకుండా మార్చాలి.

లక్షణం: కేబుల్‌తోనూ తెగుతోంది

గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. కాబట్టి లింక్ వేగం (కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్య కేబుల్ కనెక్షన్ వేగం) 1,000 మెగాబిట్ల నుంచి 100కు దిగిందంటే ముందుగా తీగను, క్లిప్ విరిగిన కనెక్టర్‌ను అనుమానించి కేబుల్ మార్చాలి.

లక్షణం: అన్ని పరికరాల్లోనూ ఒకేసారి ఆగుతోంది

రూటర్ లైట్లన్నీ ఆరి మొదటినుంచి వెలుగుతుంటే అది తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది. పవర్ అడాప్టర్ బలహీనపడటమో, వేడెక్కడమో కారణం కావచ్చు. కొత్త అడాప్టర్ వోల్టేజీ, పిన్ ధ్రువాలు పాతదానితో సరిపోవాలి, ఆంపియర్లు తగ్గకూడదు. ఫైబర్ కనెక్షన్‌లో ఎల్‌ఓఎస్ (సిగ్నల్ పోయిందని తెలిపే) లైటు ఎర్రగా వెలిగితే కాంతి సంకేతం అందడం లేదు. ఫైబర్ తీగ గట్టిగా మడతపడిందేమో చూసి వదులు చేయవచ్చు కానీ, కనెక్టర్ విప్పి కొనను తాకకూడదు, లోపలికి కళ్లు పెట్టి చూడకూడదు.

తీగలో మడత లేకపోతే సర్వీసు సంస్థకు ఫిర్యాదు చేయాలి. ఎప్పుడెప్పుడు తెగిందో, ఆ సమయంలో రూటర్ నుంచి జవాబు వచ్చిందో లేదో, ఏ లైటు ఏ రంగులో వెలిగిందో రాసి ఇస్తే, వచ్చే సాంకేతిక నిపుణుడు ఇంట్లో వెతకడం మాని నేరుగా లైను పరీక్షించగలుగుతాడు.