మాట వినపడుతుంది, అర్థం కాదు: కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టుకున్న పెద్దవాళ్లకు

"ఏమప్పా, అన్ని దుడ్లు పెట్టి మిషను ఏపిచ్చుకుంటివి, ఇంగా ఇనపళ్యాదా?" అని అనంతపురంలో మా వీధిలో అడగనివాళ్లు లేరు. వినపడుతుంది. అర్థం కావడం దగ్గరే తంటా. ఆ మిషనే కాక్లియర్ ఇంప్లాంట్: బయట పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని పట్టి పంపితే, ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టిన ఎలక్ట్రోడ్లు దాన్ని సన్న కరెంటుగా వినికిడి నరానికి అందిస్తాయి. అలాంటప్పుడు నేను చూసుకునే వరుస ఇది.

సమస్య: నిన్న బాగానే ఉంది, ఈరోజు మాటలు మసక.
కారణం: ముందు బయటి ప్రాసెసర్‌నే అనుమానించండి. ఒక మే నెలలో టెన్షన్ పడిపోయి, మిషను సెట్టింగులు సరిచేసే మ్యాపింగ్‌కని బెంగళూరు బస్సుకు టికెట్ కూడా తీసుకున్నాను. తీరా మైక్ కవర్ తీసి లైటుకు పెట్టి చూస్తే సన్న రంధ్రాల నిండా తెల్లటి పొర. చెమటకని మెడకు రాసుకున్న పౌడరే!
పరిష్కారం: కవర్ మార్చండి. తర్వాత బ్యాటరీ, కాయిల్ (తలకు అంటుకునే బిళ్ల) వైరు మార్చి చూడండి. రాత్రిపూట తేమ పీల్చే డ్రై బాక్సులో పెట్టండి. అన్నీ మార్చినా శబ్దమే రాకపోతే ఆలస్యం చేయొద్దు, ఆసుపత్రిలో లోపలి భాగాన్ని పరీక్ష చేయించాలి.

సమస్య: 'పాలు', 'కాలు' ఒకేలా వినపడతాయి.
కారణం: మంచి చెవిలో వేల కణాలు చేసే పనిని లోపల 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లే చేస్తాయి. ఒక్కోదానికి ఎంత కరెంటు ఇవ్వాలో మ్యాపింగ్‌లో నిర్ణయిస్తారు. మొదటి నెలల్లో ఆ లెక్క మారుతూ ఉంటుంది.
పరిష్కారం: మ్యాపింగ్ చేసే ఆడియాలజిస్ట్‌తో "సరిగా వినపళ్లేదు" అంటే ఆమె ఏం చేయగలదు? ఏ మాట ఏమని వినపడిందో చీటీ రాసుకుని వెళ్లండి.

సమస్య: ఇంట్లో సరే, క్లాక్ టవర్ దగ్గర టీ అంగడిలో ఒక్క ముక్క తెలీదు.
కారణం: రొద. దాన్నీ మాటనూ విడదీయడం ఇంప్లాంట్‌కు కష్టం.
పరిష్కారం: దగ్గరికి జరగండి. దూరం సగమైతే మాట సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. రెండో చెవిలో కాస్త వినికిడి మిగిలుంటే దానికి హియరింగ్ ఎయిడ్ పెట్టుకోండి.

సమస్య: నాతోపాటు పెట్టించుకున్నాయన ఫోన్లో మాట్లాడుతున్నాడు, నేను లేదు.
కారణం: చెవుడు వచ్చి ఎన్నేళ్లకు ఇంప్లాంట్ పెట్టారు, మాటలు నేర్చాక వచ్చిందా ముందే ఉందా, ఎలక్ట్రోడ్ ఎక్కడ కూర్చుంది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వాటిని ఇప్పుడు మార్చలేం, పోల్చుకుని బాధపడీ లాభం లేదు. కానీ నా విషయంలో ఇంకోటి బయటపడింది. ప్రాసెసర్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నామో చూపిస్తుంది. నాది 4 గంటలు. తలనొప్పి అని మధ్యాహ్నానికే తీసేసేవాణ్ని మరి.
పరిష్కారం: లేచినప్పటి నుంచి పడుకునేదాకా తీయకండి. నొప్పి నిజంగా ఉంటే తీసి మూల పెట్టకుండా మ్యాప్ సరిచేయించుకోండి. రోజూ అభ్యాసం కూడా కావాలి. మా అమ్మాయి పరీక్ష అట్ట నోటికి అడ్డం పెట్టుకుని పేపర్లో మార్కెట్ ధరలు చదువుతుంది, నేను తిరిగి చెప్పాలి. ఉల్లిగడ్డ ధర దాటాను. టమాట దగ్గర ఇంకా తప్పుతూనే ఉన్నాను.