ఫ్రీ గేమ్ వెంట వచ్చిన యాడ్‌వేర్: తీసేసినా మళ్ళీ ఎందుకొస్తుంది?

తిరుపతి బాలాజీ కాలనీలో నాది చిన్న రిపేరు షాపు. సెలవులిచ్చారంటే యాడ్‌వేర్, అంటే అడక్కుండా దూరి ప్రకటనలు చూపించే ప్రోగ్రాము, ఎక్కిన ల్యాప్‌టాప్‌లు వరసపెట్టి వస్తాయి. మొన్న ఒక హాస్టల్ కుర్రాడు బ్యాగు దించకముందే, "ఎన్నిసార్లు తీసినా మళ్ళా వస్తా ఉండాదన్నా, ఫార్మాట్ కొట్టేయ్" అన్నాడు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. జీటీఏ 5 సెటప్ అని ఒక ఫైలు, సైజు 4 ఎంబీ. అసలు గేమ్ 70 జీబీ పైమాటే. 4 ఎంబీలో ఉండేది గేమ్ కాదు, ఇంకోటేదో దింపే డౌన్‌లోడర్. చదవకుండా నెక్స్ట్ కొట్టుకుంటూ పోతే దారిలో నాలుగైదు ఎక్కేస్తాయి.

సమస్య: కింద కుడి మూల "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు" అని డబ్బా వస్తుంది.
చాలావరకు అది వైరస్సే కాదు. "రోబో కాదని నిరూపించుకోండి, అలో నొక్కండి" అన్న చోట నొక్కి ఉంటారు, అంతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని సైట్లన్నీ తీసేయండి. రెండు నిమిషాల పని.

సమస్య: సెర్చ్ ఇంజిన్ దానంతటదే మారిపోయింది, ఎక్స్‌టెన్షన్‌కు రిమూవ్ బటన్ లేదు.
క్రోమ్ మెనూ అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉందేమో చూడండి. ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌కు ఆర్గనైజేషన్ ఎక్కడిది? విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో యాడ్‌వేర్ ఒక పాలసీ, అంటే మిమ్మల్ని మార్చనివ్వని రూలు, రాసి పెట్టి ఉండొచ్చు. రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్, కరెంట్ యూజర్ రెండింటి కిందా సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకు వెళ్ళండి. ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, ఆ క్రోమ్ కీని తీసేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ముట్టుకోవద్దు, అక్కడ అది నిజంగానే ఆఫీసు వాళ్ళు పెట్టింది. క్రోమ్‌లో సింక్ ఆపడం మర్చిపోకండి. లేకపోతే తీసేసిన ఎక్స్‌టెన్షన్ మీ గూగుల్ అకౌంట్ నుంచే తిరిగి దిగుతుంది.

సమస్య: అన్నీ తీశాం, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ ప్రత్యక్షం.
మా కుర్రాడి గొడవ ఇదే. అతను ప్రతిసారీ అన్‌ఇన్‌స్టాల్ చేస్తున్నాడు, తిరిగి ఎక్కించేదాన్ని మాత్రం వదిలేస్తున్నాడు. ముందు నెట్ ఆపి, విండోస్‌లో పనుల్ని వేళకు దానంతటదే నడిపే టాస్క్ షెడ్యూలర్ తెరిచాను. లైబ్రరీలో "అప్‌డేట్" అని పెద్దమనిషి పేరుతో ఒక టాస్క్. ట్రిగ్గర్స్‌లో చూస్తే లాగిన్ అయినప్పుడల్లా, ఆపైన గంటకోసారి. యాక్షన్స్‌లో ఉన్న దారి యాప్‌డేటా రోమింగ్‌లోకి, అర్థంలేని అక్షరాల పేరున్న ఫోల్డర్‌కు పోతోంది. ఆ దారి రాసుకుని టాస్క్‌ను డిసేబుల్ చేశాను. తర్వాత ప్రోగ్రాముల లిస్టును తేదీ వరసలో పెట్టి, సెటప్ నడిపిన రోజు దిగినవన్నీ తీశాను. చివర్లో ఆ ఫోల్డర్‌ను, టాస్క్‌ను డిలీట్ చేశాను. ఈ వరస తప్పితే మళ్ళీ మొదటికే. మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ కింద ఉన్న టాస్క్‌ల జోలికి పోవద్దు. డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర ఏదైనా వెబ్ అడ్రస్ అతికించి ఉంటే అదీ చెరిపేయండి.

ఆ తర్వాత యాడ్‌వేర్‌ను వెతికి ఏరేసే ఏడీడబ్ల్యూ క్లీనర్ (AdwCleaner) ఒకసారి నడపండి, ఉచితమే. దాన్ని కూడా తయారుచేసే కంపెనీ మాల్‌వేర్‌బైట్స్ సొంత సైటు నుంచే దింపుకోవాలి, నకిలీవి ఉన్నాయి. విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ పెడితే రీస్టార్ట్ అయి ఓ పావుగంట తీసుకుంటుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమని అడిగి, మీరు ఆపి ఉంటే కథ వేరు. పాస్‌వర్డ్‌లు దొంగిలించేవి అలాగే దూరతాయి. విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌లో ఎక్స్‌క్లూజన్స్ అని, స్కాన్ చేయకుండా వదిలేసే లిస్టు ఉంటుంది; అందులో మీరు పెట్టనిది ఏదైనా ఉంటే తీసేసి, వేరే ఫోన్ నుంచి ముందు మెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. అప్పుడైతే నేనే ఫార్మాట్ చేయమంటాను.

ఈ కుర్రాడికి ఆ అవసరం రాలేదు. ల్యాప్‌టాప్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "గేమ్ ఉంచినావా అన్నా?" అన్నాడు.

"అది మొదట్నుంచీ లేదబ్బాయ్" అన్నాను.